బాకు, తోలు ఒర: సంరక్షణ

సంస్థానాల కాలపు బాకు సంరక్షణ అంటే దానికి కొత్త మెరుపు తేవడం కాదు, పాత ఉపరితలం చెడకుండా తుప్పును ఆపడం. తెలంగాణలోని కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కు పర్షియా దాకా వెళ్లేది. సుమారు 1.5 శాతం కర్బనం ఉండే ఈ రకం ఉక్కుతో చేసిన అలుగు మీద అలల వంటి గీతలు కనిపిస్తాయి. చింతపండు, గరుకు కాగితం ఆ ఉపరితలాన్ని పాడుచేస్తాయి. ఎర్ర తుప్పును మినరల్ ఆయిల్‌లో తడిపిన మెత్తటి గుడ్డతో తీసి, పలుచగా మైక్రోక్రిస్టలైన్ మైనం పూస్తారు. నల్లని పొరను మాత్రం కదపరు.

తోలులోని టానిన్లు, ఆమ్లాలు, తేమ ఇనుమును తినేస్తాయి. అందుకే బాకును ఒరలో దాచరు; ఇళ్లలో సాధారణంగా జరిగే పొరపాటు అలా దాచడమే. ఆకారం చెడకుండా ఒరలో ఆమ్లరహిత కాగితం కూర్చి, గాలిలో తేమ 45–55 శాతం ఉండేచోట ఉంచుతారు. తోలుకు నూనె పట్టించరు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం కనీసం 100 ఏళ్ల నాటి ఇలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు.