గోష్త్ ఆప్‌కా, హడ్డీ హమారీ

పోయిన నెల మా చిన్నోడి బడిలో పేరెంట్స్ మీటింగ్ జరిగింది. మూడో జమాత్. టీచరమ్మ నరమ్‌గా మాట్లాడే మనిషి. గొంతు బొంగురుపోయి ఉంది. "ఒకడు లేస్తే పదిమంది లేస్తున్నారు. బ్యాగులు విసురుకుంటున్నారు. అరిస్తే ఒక నిమిషం ఊరుకుంటారు, మళ్ళీ మొదలు. కొట్టకూడదు కదండీ, మరేం చేయమంటారు?" అని మమ్మల్నే అడిగింది.

వెనక వరుసలోంచి ఒక తండ్రి లేచాడు. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకింకా గ్రీజు ఉంది. "మేడమ్, గోష్త్ ఆప్‌కా, హడ్డీ హమారీ. నాలుగు తగిలించండి. మేం ఒక్క మాట అడగం" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ఆ నవ్వు నన్ను వదల్లేదు. మాంసం మీది, ఎముకలు మావి. నన్ను మొదటిరోజు బడిలో దింపినప్పుడు మా అబ్బా కూడా ఉస్తాద్‌తో సరిగ్గా ఈ మాటే అన్నాడు. ఈ కహావత్ మన దక్కన్‌ది మాత్రమే కాదు, టర్కీలోనూ ఇదే మాట ఉంది. ఇన్ని దేశాల వాలిదైన్ ఒకే మాట అనుకున్నారంటే దాని వెనక పెద్ద తారీఖే ఉండాలి. ఆ తారీఖ్‌నే కొంచెం తిరగేశాను.

మన దగ్గర ఈ సోచ్‌కు సనద్ లాంటి కథ ఒకటుంది. షిరాజ్‌కు చెందిన షేక్ సాదీ 1258లో రాసిన గులిస్తాఁలో, తర్బియత్ ప్రభావం గురించిన ఏడో అధ్యాయంలో వస్తుంది. మగ్రిబ్ దేశంలో, అంటే ఉత్తర ఆఫ్రికాలో, ఒక మక్తబ్ ఉస్తాద్‌ను చూశానంటాడు సాదీ. చిటపటలాడే మొహం, చేదు మాట. ఆడా మగా పిల్లలంతా అతని ముందు నోరెత్తలేక నలిగిపోయేవాళ్ళు. చివరికి ఊరివాళ్ళే అతన్ని తరిమేసి, ఒక మంచి మనిషిని తెచ్చి పెట్టారు. ఆయన అవసరమైతే తప్ప మాట్లాడడు, ఎవరినీ నొప్పించడు. కొన్నాళ్ళకే పిల్లల్లో ఖౌఫ్ పోయింది. చదువు మూలపడింది. రోజంతా ఆటలే. రాయాల్సిన తఖ్తీలను ఒకరి నెత్తిన ఒకరు పగలగొట్టుకున్నారు. తర్వాత సాదీ ఆ దారిన వెళ్ళేసరికి పాత ఉస్తాదే మళ్ళీ గద్దెమీద ఉన్నాడు. సాదీకి కోపమొచ్చింది. పక్కనున్న ముసలాయన నవ్వి, తండ్రి ప్రేమ కన్నా ఉస్తాద్ కాఠిన్యమే మేలని ఒక పాదుషా తన కొడుకు పలక మీద రాయించిన సంగతి చెప్పాడు.

గులిస్తాఁ మన ఫార్సీ మక్తబ్‌లలో తరతరాలుగా పాఠ్యపుస్తకం. అంటే దెబ్బలు తినే పిల్లలే, దెబ్బలు ఎందుకు మంచివో చెప్పే కథను కంఠస్థం చేశారు. మా టీచరమ్మ చెప్పింది కూడా అచ్చం ఆ కథలోని రెండో ఉస్తాద్ కష్టమే. తఖ్తీల బదులు బ్యాగులు, అంతే తేడా.

అయితే అదే మగ్రిబ్ నుంచి వచ్చిన ఇంకో గొంతు మన మక్తబ్‌ల దాకా రాలేదు. ఇప్పటి ట్యునీషియాలో కైరవాన్ అనే షహర్ ఉంది. సాదీకి దాదాపు 400 ఏళ్ళ ముందు అక్కడ ఇబ్న్ సహ్నూన్ అనే మాలికీ ఆలిమ్ ఉండేవాడు. 870లో ఇంతకాల్ అయ్యాడు. ఆయన కితాబ్ పేరు 'ఆదాబుల్ ముఅల్లిమీన్', బడిపంతుళ్ళు ఎలా నడుచుకోవాలో చెప్పేది. మూడు దెబ్బలకు మించకూడదు, మించాలంటే పిల్లవాడి వలీ ఇజాజత్ తీసుకోవాలి. తల మీద, మొహం మీద కొట్టకూడదు. కోపంలో ఉన్నప్పుడు అసలే కొట్టకూడదు. పిల్లలను వదిలేసి ఉస్తాద్ సొంత పనుల మీద తిరగకూడదు.

ఇది దెబ్బను నిషేధించిన కితాబ్ కాదు, ఆ మాట సాఫ్‌గా చెప్పుకోవాలి. కాని ఉస్తాద్ చేతిలోని కమ్చీకి హద్దు గీసింది. మనం అనే "గోష్త్ ఆప్‌కా"లో ఆ హద్దు లేదు. అక్కడ తండ్రి ఇజాజత్ విడిగా, ఒక్కో తప్పుకు ఆలోచించి ఇవ్వాల్సింది. ఇక్కడ అడ్మిషన్ రోజునే ఒక్కసారిగా రాసిచ్చేస్తున్నాం. ఇబ్న్ సహ్నూన్ వాలిద్ ఇమామ్ సహ్నూన్ అయితే తన కొడుకు ఉస్తాద్‌కు వేరే మాట చెప్పాడని రివాయత్. వీడు దెబ్బలతో దారికొచ్చే రకం కాదు, మెచ్చుకోలుతో, మంచి మాటతో నేర్పమన్నాడట. ఒక తండ్రి బడి గడపలో నిలబడి ఇలాంటి మాట కూడా చెప్పొచ్చన్నమాట.

మళ్ళీ 500 ఏళ్ళకు అదే నేలపై, ట్యూనిస్‌లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో ముకద్దిమా రాశాడు. అందులో షాగిర్దుల మీద సఖ్తీ చేస్తే వచ్చే నష్టం గురించి ఒక అధ్యాయమే ఉంది. జబర్దస్తీ కింద పెరిగిన పిల్లవాడి మనసు కుంచించుకుపోతుంది, చురుకు పోయి బద్ధకం వస్తుంది అంటాడు. దెబ్బ తప్పించుకోవడానికి లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి చూపడం నేర్చుకుంటాడు. జూట్, మక్కారీ మొదట బచావ్ కోసం వస్తాయి, తర్వాత ఆదత్ అవుతాయి. ఇది పిల్లలతో ఆగదు, జులుం కింద బతికిన కౌమ్‌లకు కూడా ఇదే గతి పడుతుందని చెప్పాడు.

ఇది చదివినప్పుడు నాకు నా జమాతే గుర్తొచ్చింది. మా ఉస్తాద్ దగ్గర చింత బరిక ఉండేది. హోంవర్క్ చేయకపోతే ముర్గా, లెక్క తప్పితే అరచేతి మీద. నాకు ఎక్కాలు ఎంత వచ్చాయో చెప్పలేను గాని బహానాలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. మా నానీని నేను ఆ ఏడాది ఎన్నిసార్లు బీమార్ చేశానో అల్లాకే తెలుసు. ఇప్పటికీ ఆఫీసులో కాపీ ఆలస్యమై ఎవరైనా అడిగితే నా నోట ముందొచ్చేది నిజం కాదు, బహానా. నిజం రెండో మాటగా వస్తుంది.

నా పక్కన కూర్చునే దోస్తుకు చదివేటప్పుడు మాట తడబడేది. తడబడినందుకు ఒకటి, భయంతో ఇంకా తడబడినందుకు ఇంకోటి పడేది. నాలుగో జమాత్‌లో మానేశాడు. ఇప్పుడు ఆటో నడుపుతాడు. కనబడినప్పుడల్లా "ఉస్తాద్ మంచోడే భాయ్, నా తల్కాయే మంచిది కాదు" అంటాడు. దెబ్బ మానిపోయింది. తప్పు తనదేనన్న ఆ మాట మాత్రం ముప్ఫై ఏళ్ళైనా మానలేదు.

మరి సాదీ కథకు జవాబేమిటి? కమ్చీ తీసేస్తే తఖ్తీలు పగులుతాయి కదా? ఈ సవాల్‌ను పక్కన పెట్టలేం. దీనికి జవాబు వెతుకుతుంటే మన ఇలాకా కాగితాల్లోనే ఒక దారి దొరికింది.

1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క తీయమని హుకుం ఇచ్చాడు. బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ 1823లో తన రిపోర్ట్ పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన మనిషే ఆయన. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగువి 226, ఫార్సీవి 21. బడి ఉదయం ఆరింటికి తెరిచేవాళ్ళు. మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవాళ్ళు, రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా పెరుగుతూ పోయేది. బద్ధకస్తుడిని బెత్తంతో కొట్టడం, చేతులు కట్టి పైకప్పుకు వేలాడదీయడం, ఆగకుండా కూర్చోబెట్టి లేపడం. మన పెద్దవాళ్ళకు ఇవి కొత్త కాదు. ఒకటి కోదండం, ఇంకోటి గుంజీలు.

ఆ అంకెలను భాగిస్తే బడికి సగటున 12, 13 మందే వస్తారు. జమాత్‌లో 60 మంది ఉంటే కొట్టక ఏం చేస్తాం అంటాం మనం. ఇక్కడ డజను మందికే కోదండం కట్టారు. ఎందుకు? క్యాంబెల్ రిపోర్ట్‌లోనే ఇంకో సంగతి ఉంది. పిల్లలు వల్లించే పద్యాల భాష వాళ్ళు మాట్లాడే భాష కాదు. అర్థం పిల్లలకు తెలియదు, చాలాసార్లు పంతులుకూ తెలియదు. చిలకల్లా వల్లించడమే. ఇంట్లో దక్ఖనీ మాట్లాడే పిల్లవాడు ఫార్సీ మక్తబ్‌లో గులిస్తాఁ వల్లించడం కూడా ఇలాంటిదే. అర్థం కాని సబక్ ముందు ఆరేళ్ళ పిల్లవాడిని పొద్దంతా కూర్చోబెట్టాలంటే, పాఠం చేయలేని పనిని బెత్తం చేయాలి. చేసింది.

అదే కాలంలో ఇంగ్లాండ్ మనకన్నా నరమ్‌గా ఏమీ లేదు. మద్రాసు ఎగ్మోర్ అనాథాశ్రమంలో ఆండ్రూ బెల్ నడిపిన పద్ధతి ఒకటుంది. మలబారు పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి మొదలుపెట్టాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఆ తరీకా గురించి 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. జోసెఫ్ లాంకాస్టర్ అలాంటి పద్ధతినే వందల మంది పిల్లలకు వాడాడు. బెత్తం వద్దన్నాడు, కాని అల్లరి చేసిన పిల్లల మెడకు చెక్క మొద్దు కట్టించాడు, బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు వేలాడదీయించాడు. ఒంటి మీద దెబ్బ తగ్గింది, అందరి ముందు జిల్లత్ పెరిగింది. పేరు మారినంత మాత్రాన సజా మారదు.

ఇక్కడ మళ్ళీ ఇబ్న్ ఖల్దూన్ దగ్గరికే రావాలి. సఖ్తీ గురించి రాసినవాడే, సబక్ ఎలా చెప్పాలో కూడా రాశాడు. ముందు మోటామోటీగా, తర్వాత కొంచెం లోతుగా, మూడోసారి పూర్తిగా, పిల్లవాడి తాకత్ చూసుకుంటూ కొద్దికొద్దిగా చెప్పమన్నాడు. తాకత్‌కు మించింది మొదటే నెత్తిన వేస్తే పిల్లవాడు విసిగి ముఖం తిప్పుకుంటాడు, అది వాడి తప్పు కాదు, చెప్పిన తరీకా తప్పు అన్నాడు. సఖ్తీ అధ్యాయంలో ఖలీఫా హారూన్ రషీద్ తన కొడుకు అమీన్ ఉస్తాద్‌కు చెప్పిన మాటలు ఎత్తి రాశాడు. ఒక్క ఘడియ కూడా ఏదో ఒకటి నేర్పకుండా పోనివ్వకు, కాని వాడి మనసు విరగ్గొట్టకు. ఖాళీగా ఉండటం వాడికి రుచి మరిగేంత వదిలేయకు. చేతనైనంత వరకు దగ్గరితనంతో, మెత్తదనంతో దిద్దు. అవి పనిచేయకపోతేనే సఖ్తీ.

ఈ వెలుతురులో సాదీ కథ ఇంకోసారి చదవండి. రెండో ఉస్తాద్ ఎక్కడ ఫెయిలయ్యాడు? ఆయన ఎవరినీ నొప్పించలేదని సాదీ చెప్పాడు. ఏం నేర్పాడో ఒక్క ముక్క చెప్పలేదు. పిల్లలు రోజంతా ఆడుకున్నారంటే వాళ్ళకు చేయడానికి వేరే పని లేదు. మొదటాయన దగ్గర భయం ఉంది, రెండో ఆయన దగ్గర అది కూడా లేదు. సబక్ ఇద్దరి దగ్గరా కనబడదు.

సబక్, మొహబ్బత్ రెండూ ఉన్న బడి ఎలా ఉంటుందో చూపిన మనవాళ్ళూ ఉన్నారు. 1897లో మన హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ సాబ్ 1926 నుంచి 1948 దాకా జామియా మిల్లియాను నడిపారు. అక్కడి ప్రైమరీ బడిలో పిల్లల చేతికి పని ఇచ్చి, ఆ పనిలోంచే చదువు చెప్పేవాళ్ళు. జర్మనీ నుంచి వచ్చిన యూదు మహిళ గెర్డా ఫిలిప్స్‌బోర్న్, పిల్లలకు ఆపాజాన్ అయి, 1943లో పోయేదాకా వాళ్ళ మధ్యే ఉండిపోయింది. ఆమె ఖబర్ జామియా ఖబ్రస్తాన్‌లోనే ఉంది. జాకిర్ సాబ్ గురించి ఒక వాకియా చెబుతారు. పిల్లలు మురికి జోళ్ళతో వస్తుంటే, ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే, ఒకరోజు ఆయనే బ్రష్షూ పాలిషూ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారట. తర్వాత చెప్పాల్సిన అవసరం రాలేదు.

మన దగ్గర 2002లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో దెబ్బలను నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. అదే చట్టం ప్రైమరీలో 60 మంది వరకు కనీసం ఇద్దరు టీచర్లు ఉండాలంది. మనం మొదటి మాట గట్టిగా గుర్తుపెట్టుకున్నాం, రెండోది మర్చిపోయాం. బెత్తం లాక్కుని, ఆ స్థానంలో ఏమీ ఇవ్వకుండా మా టీచరమ్మను సాదీ కథలో రెండో ఉస్తాద్‌ను చేశాం. ఆమె గొంతు బొంగురుపోవడంలో మా వాటా కూడా ఉంది.

వచ్చే మీటింగ్‌కు నేను వెళ్తాను. ఈ జమాత్‌కు ఇంకో టీచర్ కావాలని రాసిన దర్ఖాస్తు మీద ఆ షెడ్డు భాయ్ సంతకం ముందు అడుగుతాను. సంతకం పెట్టాక ఇమామ్ గజాలీ మాట కూడా చెబుతాను. 1111లో పోయిన ఆయన 'ఇహ్యా'లో పిల్లల తర్బియత్ గురించి రాస్తూ, మొదటి తప్పును చూసీ చూడనట్టు వదిలేయమన్నాడు. మళ్ళీ చేస్తే నలుగురిలో కాకుండా చాటుగా మందలించమన్నాడు. పొద్దస్తమానం తిడితే పిల్లవాడికి తిట్లు అలవాటైపోతాయన్నాడు. బడి నుంచి వచ్చాక ఆడుకోనివ్వమన్నాడు. వీటన్నిటికన్నా ముందు ఒక మాట అన్నాడు: బిడ్డ తల్లిదండ్రుల దగ్గర అమానత్.

అమానత్ అంటే మనది కాదు, మన దగ్గర దాచిపెట్టింది. మనది కానిదాన్ని గోష్త్ మీకు, హడ్డీ మాకు అని పంచే ఇఖ్తియార్ మనకెక్కడిది భాయ్?