అప్పాజీ పెట్టెలు

యుద్ధమున సేనకంటె ముందు నడచునది వార్త. శత్రువు బలమెంత, అతడు వచ్చు దారి యేది అని తెలిసికొనుట చారుని మొదటి పని. లేనిదానిని ఉన్నట్లు శత్రువుచే నమ్మించుట రెండవ పని. ఇది మఱింత కష్టము. కౌటిల్యుని అర్థశాస్త్రమందు ఉభయవేతనులను చారులు కలరు. వీరు ఒక రాజు కొలువులో నుండి మఱియొక రాజు జీతమును గూడ తినువారు. ఇట్టివారి భార్యాపుత్రులను రాజు తన యధీనమున నుంచుకొనవలెనని ఆ శాస్త్రము విధించుచున్నది. అబద్ధమునకు జీతమిచ్చువానికి సైతము ఆ జీతగానియందు నమ్మకము లేదన్నమాట!

తెలుగువారు చెప్పుకొను భేదోపాయములలో సాళువ తిమ్మరుసుది ప్రసిద్ధమైనది. మా కొనకనమిట్లకు దక్షిణమున ఉదయగిరి, ఈశాన్యమున కొండవీడు గలవు. ఈ రెండు దుర్గములును నాడు ప్రతాపరుద్ర గజపతివి. శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరిని 1514లోను, కొండవీటిని 1515లోను గైకొని కళింగమువైపు సాగెను. గజపతికి పదునాఱుగురు పాత్రులు అండగా నుండిరనియు, వారిని గెలుచుట దుష్కరమని అప్పాజీ తలచెననియు రాయవాచకము చెప్పుచున్నది. అతడు ఆ పాత్రుల పేర రహస్యలేఖలు వ్రాయించి, ధనము నించిన పెట్టెలతో పంపించెనట. గజపతిని పట్టియిచ్చుటకు వారు ఒప్పుకొన్నట్లును, ఆ ధనము దానికి ప్రతిఫలమైనట్లును ఆ లేఖలు తోచును. నిజమునకు ఆ పెట్టెలు చేరవలసినది పాత్రులకు గాదు, గజపతికే. అవి చేజిక్కినంతనే అతడు తనవారే తన్ను అమ్మివేసిరని భయపడి పాఱిపోయెను.

ఈ కథను యథాతథముగ చరిత్రయని చెప్పరాదు. రాయవాచకము ఆ యుద్ధములకు రమారమి ఎనుబది ఏండ్ల తరువాతి రచన. దుర్గములు పట్టువడుటకు శాసనములు సాక్ష్యమిచ్చుచున్నవి; పెట్టెలకు అట్టి సాక్ష్యము లేదు. అయినను ఇట్టి ఉపాయము అసంభవమని త్రోసివేయ వీలులేదు. 1943లో ఆంగ్లేయ గూఢచారిశాఖవారు ఒక శవమునకు మేజర్ మార్టిన్ అను కల్పితనామ మిచ్చి, దొంగలేఖలతో స్పెయిన్ తీరమున విడిచిరి. దండయాత్ర గ్రీసు, సార్డీనియాలపైనని ఆ లేఖలు సూచించెను. జర్మనులు నమ్మి గ్రీసునకు బలములను పంపిరి. జూలై 10వ తేదీన మిత్రసేనలు సిసిలీలో దిగెను.

ఉభయత్రా యుక్తి యొక్కటియే. లేఖ శత్రువునకు చిక్కుటకే వ్రాయబడినది. తాను కష్టపడి పట్టుకొన్న రహస్యమని అతడు దానిని ప్రశ్నింపకయే నమ్మును. గజపతి ఆ పదునాఱుగురిలో ఒక్కనిని పిలిపించి అడిగియుండిన చాలును, పెట్టెల గుట్టు బయటపడెడిది. అడుగుటకు వలసిన విశ్వాసము అతనికి లేకపోయెను. తిమ్మరుసు జయించినది సేనను గాదు, ఆ విశ్వాసమును.

ఇక తిమ్మరుసు కడపటి కథ. రాయలు పట్టము గట్టిన బాలకుమారుడు మరణింపగా, విషప్రయోగమను అనుమానముతో మంత్రిని, అతని కుమారులను చెఱబెట్టి కన్నులు తీయించెనని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసెను. ఆ వ్రాత నిజమైనచో, పరరాజు కొలువులో అనుమానమును నాటిన మంత్రి స్వామి అనుమానమునకే బలియయ్యెను. యుద్ధకాలమున భేదోపాయమును నీతిశాస్త్రములు ఒప్పుకొనవచ్చును. కాని విచారింపక నమ్మి దండించుట యే శాస్త్రమునకును సమ్మతము గాదు. గజపతి ఆ తప్పుచేసి రాజ్యభాగమును గోల్పోయెను. రాయలు అదే తప్పుచేసి తన్ను పెంచిన మంత్రిని గోల్పోయెను.