కచేరీ తెలుగు, కావ్య తెలుగు: సి.పి. బ్రౌన్ భాషాభ్యసనం – ఒక పరిశీలన

పరభాషను ఆ భాషా సమాజంలో మెలగుతూ నేర్చుకోవడం ఉత్తమ మార్గమన్నది సాధారణ అభిప్రాయం. దీనికి చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884)ను ఉదాహరణగా చూపడం పరిపాటి. అయితే ఆయన ఏ తెలుగులో మునిగి నేర్చుకున్నాడన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1817లో మద్రాసు చేరిన బ్రౌన్, 1812లో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాలలో శిక్షణ పొందాడు. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించాడు. ఆ చదువు పరీక్షను దాటించింది గాని వాడుకలో పట్టునివ్వలేదు. 1820లో కడపలో ఉద్యోగంలో చేరిన తర్వాత రైతులు, సాక్షులు, అర్జీదారుల మాటలను నిత్యం విని అర్థం చేసుకోవడం ఆయనకు వృత్తిధర్మమైంది. వినికిడి లోపిస్తే విచారణే తప్పుదారి పట్టే పరిస్థితి అది.

కాని నాటి కచేరీ ఏకభాషా ప్రాంగణం కాదు. జమాబందీ, దరఖాస్తు, వసూలు, ఫిర్యాదు వంటి పారశీక, అరబ్బీ మూలాల పదాలు లేకుండా అక్కడ పని జరగదు. ఈ పదజాలాన్ని మాలిన్యమని తోసిపుచ్చక, 1854లో బ్రౌన్ దానికి ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును వెలువరించడం గమనార్హం. పండితులు గ్రంథస్థం చేయదగినదిగా భావించని తెలుగుకు ఆ విధంగా ఆధారం మిగిలింది.

కావ్యభాష మాత్రం కచేరీలో దొరికేది కాదు. అందుకోసం ఆయన తన బంగళాలోనే పండితులను, లేఖకులను జీతాలిచ్చి నియమించుకున్నాడు. తాళపత్ర ప్రతులను సేకరించి, పాఠాలను పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో వ్యావహారిక రూపాలు, కావ్యప్రయోగాలు పక్కపక్కనే కనిపించడానికి ఈ రెండు అభ్యసన మార్గాలే కారణమని భావించవచ్చు.

కాబట్టి బ్రౌన్ ప్రావీణ్యాన్ని కేవలం పరిసర ప్రభావంగా వివరించడం అసమగ్రం. పరిసరం చెవిని సిద్ధం చేసింది. పండితుల సహవాసం పఠనాన్ని తీర్చిదిద్దింది. పైగా ఇది సమాన హోదాగలవారి మధ్య జరిగిన భాషా వినిమయం కాదు. అధికారి ముందు నిలిచిన రైతుకు మాట్లాడక తప్పదు. పండితునికి అది జీవనోపాధి. నిఘంటువు ముఖపత్రంపై ఒక్క పేరే నిలిచినా, దాని వెనుక ఉన్న గొంతులు అనేకం. బ్రౌన్ కృషిని తగ్గించకుండానే ఆ గొంతులను చరిత్రలోకి తేవడం భావి పరిశోధకుల బాధ్యత.