మోక్షం, మాన్యాలు, సైన్యాల జీతాలు: యూరప్ మతయుద్ధాల మూలాలు

16, 17 శతాబ్దాల్లో యూరప్‌ను కుదిపిన మతయుద్ధాలు క్రైస్తవులు తమలో తాము చేసుకున్న యుద్ధాలు. ఒక పక్క పోప్‌కు లోబడిన క్యాథలిక్కులు, మరో పక్క ఆ అధికారాన్ని కాదన్న ప్రొటెస్టెంట్లు, అంటే లూథరన్లు, కాల్వినిస్టులు. జర్మనీలో ష్మల్‌కాల్డిక్ యుద్ధం (1546-47), ఫ్రాన్స్ అంతర్యుద్ధాలు (1562-98), స్పెయిన్ మీద నెదర్లాండ్స్ తిరుగుబాటు (1568-1648), ముప్పై ఏళ్ల యుద్ధం (1618-48) వీటిలో పెద్దవి. మతం ఒట్టి సాకేనని వీటిని కొట్టిపారేయడం తేలిక, కానీ సరికాదు. మతద్రోహిని ఊళ్లో ఉండనిస్తే దేవుడి ఆగ్రహం ఊరంతటి మీదా పడుతుందని రెండు పక్షాలూ నిజంగానే నమ్మాయి. అయితే ఆనాటి చర్చి ప్రార్థన చేసుకునే చోటు మాత్రమే కాదు. అది వేల ఎకరాల మాన్యాలున్న భూస్వామి, పంటలో పదోవంతు వసూలు చేసే అధికారి, తీర్పులు చెప్పే న్యాయస్థానం. మతం మారితే ఆ భూమి ఎవరిది, ఆ పదోవంతు ఎవరికి అన్న తగాదా కూడా వెంటనే లేచేది.

ఈ రెండింటి ముడి ఎంత గట్టిదో 1517లో మార్టిన్ లూథర్ లేవదీసిన వివాదంలోనే కనిపిస్తుంది. అప్పటికే మాగ్డెబుర్గ్ ఆర్చిబిషప్‌గా ఉన్న ఆల్బ్రెక్ట్ అనే యువరాజు మైన్జ్ పీఠం కూడా కోరుకున్నాడు. మైన్జ్ ఆర్చిబిషప్ అంటే పవిత్ర రోమన్ చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురిలో ఒకడు. ఇద్దరు కూర్చోవలసిన పీఠాలు ఒక్కరికే దక్కడం చర్చి నియమాలకు విరుద్ధం. రోమ్‌కు భారీగా చెల్లించాక ఆ నియమం సడలింది. ఆ సొమ్మును ఆగ్స్‌బుర్గ్ షావుకారు యాకోబ్ ఫుగ్గర్ అప్పిచ్చాడు. బాకీ తీరేందుకు పాపపరిహార పత్రాల అమ్మకానికి పోప్ అనుమతి ఇచ్చాడు. వచ్చిన దాంట్లో సగం రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి నిర్మాణానికి, సగం ఫుగ్గర్ బాకీకి. పత్రాలమ్ముతూ ఊరూరా తిరిగిన టెట్సెల్ అనే సన్యాసి వెంట లెక్క చూసుకోవడానికి ఫుగ్గర్ గుమాస్తాలు కూడా వెళ్లేవారు. లూథర్ తప్పుపట్టింది ఈ అమ్మకాన్నే.

మఠాలు, సన్యాసులు మోక్షానికి అవసరం లేదన్న లూథర్ బోధ జర్మన్ సంస్థానాధీశులకు రెండు విధాల నచ్చింది. నమ్మినవారు నమ్మారు, మఠాల భూములు మాత్రం అందరి ఖజానాల్లోకీ వచ్చాయి. అదే సువార్తను పట్టుకుని రైతులు 1525లో బానిసపాటి వెట్టి వద్దని, అడవిలో కట్టెలు కొట్టుకోనివ్వాలని పన్నెండు కోర్కెలు రాసి తిరగబడితే లూథర్ దొరల పక్షమే నిలిచాడు. వేలాది రైతులు ఊచకోతకు గురయ్యారు.

చక్రవర్తి చార్లెస్ 5 ప్రొటెస్టెంట్ సంస్థానాల కూటమిని 1547లో మ్యూల్‌బెర్గ్ దగ్గర ఓడించాడు. ఆ విజయంలో ఆయనకు తోడ్పడిన సాక్సనీ డ్యూక్ మోరిట్స్ స్వయంగా లూథరన్. ఓడిన దాయాది పదవి అతనికి బహుమతిగా దక్కింది. 1552లో ఇదే మోరిట్స్ చక్రవర్తి మీదికే తిరిగాడు. ఈసారి అండ క్యాథలిక్ ఫ్రాన్స్ రాజు. చివరికి 1555 ఆగ్స్‌బుర్గ్ ఒప్పందం ప్రకారం ఏ దొర ఏలుబడిలో ఉంటే ప్రజలకు ఆ దొర మతమే మతమైంది. అందులో రెండు లొసుగులు మిగిలాయి. కాల్వినిస్టులకు చోటే లేదు. ప్రొటెస్టెంటుగా మారిన బిషప్ తన సంస్థానం వదులుకోవాలన్న షరతును ప్రొటెస్టెంట్లు ఒప్పుకోలేదు.

ఫ్రాన్స్‌లో కథ వేరు. 1559లో రాజు హెన్రీ 2 ఈటెల పోటీలో గాయపడి చనిపోవడంతో గద్దె కుర్రవాళ్ల చేతికి వచ్చింది. గీజ్ వంశం క్యాథలిక్కులకు, బుర్బోన్ వంశం కాల్వినిస్టులకు నాయకత్వం వహించి సింహాసనం చుట్టూ కొట్లాడుకున్నాయి. అలాగని ఇది పెద్దింటి తగాదా మాత్రమే కాదు. 1572 ఆగస్టు 24న ప్యారిస్‌లో కాల్వినిస్టులపై మొదలైన హత్యాకాండలో చంపింది రాజభటులొక్కరే కాదు, పొరుగింటి మనుషులు కూడా. కాల్వినిస్టు నాయకుడు, బుర్బోన్ వంశపు హెన్రీ 1589లో రాజై, 1593లో క్యాథలిక్‌గా మారి, 1598లో కాల్వినిస్టులను సహించే నాంట్ శాసనంతో యుద్ధాలకు తెరదించాడు.

నెదర్లాండ్స్‌లో మతవిచారణకు తోడు పదిశాతం అమ్మకపు పన్ను ప్రతిపాదన క్యాథలిక్కులను కూడా స్పెయిన్ మీద మండిపడేలా చేసింది. 1576లో జీతాలందని స్పెయిన్ సైనికులు ఆంట్వెర్ప్‌ను దోచినప్పుడు ఇంటివారి మతం అడగలేదు. ఈ తిరుగుబాటు సెగ తెలుగు తీరం దాకా వచ్చింది. పోర్చుగల్ కూడా స్పెయిన్ రాజు కిందికి పోయాక లిస్బన్‌లో మసాలా వ్యాపారం డచ్చి (నెదర్లాండ్స్) వర్తకులకు కష్టమైంది. సరుకు పుట్టే చోటికే వెళ్లాలని 1602లో కంపెనీ పెట్టుకున్న ఆ వర్తకులే కొన్నాళ్లకు మచిలీపట్నంలో బట్టలు కొనడానికి దిగారు.

అన్నిటిలోకీ ఘోరమైంది ముప్పై ఏళ్ల యుద్ధం. 1618 మే 23న బొహీమియా ప్రొటెస్టెంట్ ప్రభువులు ప్రాగ్ కోటలోకి చొరబడి చక్రవర్తి ప్రతినిధులు ఇద్దరినీ, వారి గుమాస్తానూ కిటికీలోంచి కందకంలోకి తోసేశారు. ముగ్గురూ బతికారు; మేరీమాత కాపాడిందని క్యాథలిక్కులు, పెంటకుప్ప కాపాడిందని ప్రొటెస్టెంట్లు ప్రచారం చేసుకున్నారు. 1620లో తెల్లకొండ యుద్ధంలో తిరుగుబాటుదారులు ఓడాక మొదటి పెద్ద భూమార్పిడి జరిగింది. జప్తు చేసిన ఎస్టేట్లను విలువ పడిపోయిన నాణేలతో కారుచౌకగా కొన్నవారిలో వాలెన్‌స్టైన్ ముఖ్యుడు. ప్రొటెస్టెంట్ ఇంట పుట్టి క్యాథలిక్‌గా మారిన ఇతడు చక్రవర్తి తరఫున భారీ సైన్యాన్ని లేపాడు. ఆ క్యాథలిక్ సైన్యానికి పెట్టుబడి సమకూర్చిన హాన్స్ డి విట్ కాల్వినిస్టు. అప్పుకు హామీ ఊళ్ల మీద బలవంతంగా వేసిన చందాలు. 1630లో వాలెన్‌స్టైన్ పదవి ఊడగానే ఆ రాబడి ఆగిపోయి డి విట్ బావిలో దూకి చనిపోయాడు.

1629లో చక్రవర్తి ఫెర్డినాండ్ 2 ఒక శాసనం తెచ్చాడు: 1552 తర్వాత ప్రొటెస్టెంట్లు తీసుకున్న చర్చి ఆస్తులన్నీ తిరిగి ఇచ్చేయాలి. అప్పటిదాకా చక్రవర్తికి విధేయంగా ఉన్న లూథరన్ సాక్సనీ కూడా దీంతో బెదిరింది. మరుసటి ఏడాది స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ ప్రొటెస్టెంట్ల రక్షకుడిగా జర్మనీలో దిగాడు. 1631 నుంచి అతనికి ఏటా 4 లక్షల థాలర్ల వెండి నాణేలు ఇచ్చేందుకు ఒప్పుకున్నది క్యాథలిక్ ఫ్రాన్స్. అక్కడ మంత్రాంగం నడిపింది కార్డినల్ రిషెల్యూ.

1631 మే 20న క్యాథలిక్ సైన్యం మాగ్డెబుర్గ్‌ను బద్దలుకొట్టింది. సుమారు 20 వేలమంది కత్తికీ మంటలకూ బలయ్యారు. దాడిలో తూటాలు తగిలి పడిపోయిన పేటర్ హాగెన్‌డోర్ఫ్ అనే మామూలు సైనికుడి దినచర్య ఒకటి మిగిలింది. దోపిడీకి అతను లేవలేకపోతే, కాలుతున్న ఊళ్లోకి భార్య వెళ్లి గాయాలు కట్టడానికి దుప్పట్లు, తాగడానికి వైన్ తెచ్చింది. రెండేళ్ల తర్వాత స్వీడన్‌వారికి చిక్కి వారి తరఫున పోరాడి, మళ్లీ పాత దళంలోకి వచ్చాడు. ఆ రాతలో మతం గురించి కంటే తిండి, నడక, బిడ్డల చావుల గురించే ఎక్కువ ఉంది. యుద్ధం ఎందుకు మొదలైందో చెప్పడానికి మతం చాలు. ఎందుకు ఆగలేదో చెప్పాలంటే మాత్రం ఇలాంటి సైనికుల జీతాల లెక్క చూడాలి: చెల్లించే స్తోమత ఏ రాజుకూ లేదు, జీతమివ్వకుండా సైన్యాన్ని ఇంటికి పంపే ధైర్యమూ లేదు. 1635లో ఫ్రాన్స్ నేరుగా దిగాక పక్షాలను మతం బట్టి గుర్తుపట్టడమే కష్టమైంది. ఆకలి, ప్లేగు ఆయుధాల కంటే ఎక్కువమందిని చంపాయి.

1648 అక్టోబర్ 24న వెస్ట్‌ఫేలియాలో సంతకాలు జరిగాయి. మూడు మతశాఖలకూ గుర్తింపు దక్కింది. చర్చి ఆస్తులు 1624లో ఎవరి చేతిలో ఉంటే వారివేనని తేలింది. స్వీడన్ తన సైన్యాన్ని జీతాలిచ్చి ఇంటికి పంపడానికి దానికి 50 లక్షల థాలర్లు కట్టారు. పోప్ ఇన్నోసెంట్ 10 ఈ ఒప్పందం చెల్లదని ప్రకటించినా రాజులెవరూ పట్టించుకోలేదు. ఓస్నబ్రూక్ సంస్థానం విషయం మాత్రం ఎటూ తెగలేదు. ఒకసారి క్యాథలిక్ బిషప్, తర్వాత ఒక ప్రొటెస్టెంట్ యువరాజు వంతులవారీగా ఏలాలని రాసుకున్నారు. 19వ శతాబ్దం మొదట్లో ఆ సంస్థానమే రద్దయ్యేదాకా ఆ వంతులు అలాగే నడిచాయి.