నిప్పుకో దారి, ఊపిరికో దారి

ఉదయగిరి కొండ కింద పాత డీజిల్ జీపులు తిరిగిన రోజుల్లో, ధనుర్మాసం తెల్లవారుజామున తాళం తిప్పీ తిప్పగానే ఎవరూ సెల్ఫు కొట్టేవారు కాదు. ముందు హీటర్ పెట్టేవారు. ఇంజన్లో ఒక్కో సిలిండరుకూ ఒక్కో హీటర్ ప్లగ్గు ఉండేది. దాని మొన ఎర్రబడేదాకా ఓపిక పట్టి, ఆ తర్వాతే సెల్ఫు. మా మెట్ట ప్రాంతంలో డీజిలుకూ హీటరుకూ ఉన్న చుట్టరికం అంతవరకే. మనిషి ఒళ్లు వెచ్చబడాలని ఇక్కడ డీజిలు కాల్చినవాళ్లు లేరు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే చోట ఆ అవసరం ఎవరికి? కొత్తగా తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లలో 2025 అక్టోబరు 1 నుంచి ఏసీ ఉండి తీరాలని కేంద్రం చెప్పింది. ఆత్మకూరు మీదుగా కృష్ణపట్నం రేవుకు దిగే డ్రైవరు కోరుకునేది కూడా అదే.

కానీ ఈమధ్య కుర్రకారుకు లదాఖ్ పిచ్చి పట్టింది. బుల్లెట్టు బండ్లతో మొదలై, ఇప్పుడు ఫోర్స్ ట్రావెలరునే ఇల్లుగా మార్చుకుని పోయేదాకా వచ్చింది: వెనక పడక, ఒక మూల పొయ్యి, పైన సోలార్ పలక. ఆత్మకూరు నుంచి ఒకరు అలా బండి కట్టించి బయలుదేరారనుకుందాం. మనాలి దాటి సర్చూలో రాత్రి ఆగాలి. అది సముద్రమట్టానికి నాలుగు వేల మీటర్ల పైచిలుకు ఎత్తు. ఇక్కడి కంబళి అక్కడ తువ్వాలుతో సమానం. అప్పుడు తెలుస్తుంది, చలి దేశాల వ్యాన్లలో సీటు కింద టక్కుటక్కుమనే డీజిల్ హీటరు అనే చిన్న పెట్టె ఎందుకు పుట్టిందో. ఏది కొనాలి, ఎలా బిగించాలి అనే ప్రశ్నలకు సగం జవాబులు ఆ పెట్టె పుట్టుకలోనే దొరుకుతాయి.

తొలినాళ్ల కార్లలో వెచ్చదనమంటే కాళ్ల దగ్గర పెట్టుకునే బొగ్గుల పెట్టె, మీద కప్పుకునే బొచ్చు దుప్పటి. ఇంజన్ అంత వేడిని ఊరికే గాలికి వదిలేస్తుంటే ఆ వేడిని లోపలికి తెచ్చుకోకూడదా అని ఆలోచించడానికి ఎంతోకాలం పట్టలేదు. 1920లు ముగిసేనాటికి ఫోర్డ్ మోడల్ ఏ కారుకు అలాంటి ఏర్పాటు వచ్చింది. పొగ బయటికి పోయే ఇనుప గొట్టం చుట్టూ ఒక తొడుగు వేసి, ఆ తొడుగులో కాగిన గాలిని క్యాబిన్లోకి మళ్లించారు. చవక, సులువు. కానీ గొట్టానికి ఎక్కడ సన్నని బీట పడినా పొగ నేరుగా మనిషి ముక్కులోకి పోతుంది. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. హాయిగా నిద్ర వస్తున్నట్టే ఉంటుంది.

తర్వాత రేడియేటరు నీళ్ల వేడిని వాడుకునే పద్ధతి వచ్చింది. ఇప్పటి మన పెట్రోలు, డీజిలు కార్లలో ఉన్నది అదే. దానిలో పొగ భయం లేదు గానీ, ఇంజన్ తిరిగినంతసేపే వేడి. బండి ఆపి పడుకుంటే అది ఎందుకూ కొరగాదు.

చికాగోలో స్టీవర్ట్ వార్నర్ అని స్పీడోమీటర్లకు పేరుపడ్డ కంపెనీ ఒకటి ఉండేది. 1930లలో అది సౌత్ విండ్, అంటే దక్షిణపు గాలి, అనే పేరుతో కార్లకు పెట్రోలు హీటరు అమ్మింది. దాని పనితీరు చదివితే ఎవరికైనా నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది. కార్బురేటరు గిన్నెలోంచి కాస్త పెట్రోలు తీసుకుంటుంది, మూసిన డబ్బాలో మండిస్తుంది, ఆ పొగను మళ్లీ ఇంజన్ చేతే పీల్పిస్తుంది! సిలిండర్లు గాలి లాక్కునే ఊపునే పంపుగా వాడుకున్నారన్నమాట. ఇంజన్ కాగేదాకా ఆగనక్కర్లేకుండా రెండు నిమిషాల్లో వెచ్చదనం. అయినా చిక్కు అక్కడే ఉంది: పొగను లాగడానికి ఇంజన్ తిరగాల్సిందే. నిప్పు వేరుపడింది గానీ, దానికి ఇంజన్‌తో బొడ్డుతాడు తెగలేదు.

ఆ తాడు తెంపినవాళ్ల కథ జర్మనీలో నెకార్ నది ఒడ్డునున్న ఎస్లింగెన్ అనే ఊరికి తీసుకుపోతుంది. ఈ రంగంలో ఇప్పటికీ వినబడే పెద్ద పేర్లు రెండూ అక్కడే పుట్టాయి. యాకోబ్ ఎబర్‌స్పేకర్ 1865లో పెట్టిన దుకాణం కట్టడాలకు గాజు కప్పులు చేసేది. తర్వాతి తరం సైలెన్సర్లలోకి దిగింది, 1950లలో బండ్ల హీటర్లలోకి వచ్చింది. రెండోది వెబాస్టో. విల్‌హెల్మ్ బయర్ అనే ఆయన 1901లో ఎస్లింగెన్‌లోనే రేకు సామాన్లతో మొదలుపెట్టి, కొన్నేళ్లకు మ్యూనిక్ దగ్గర స్టాక్‌డార్ఫ్‌కు మకాం మార్చాడు. తన పేరులోంచి, ఊరి పేరులోంచి తలో రెండు మూడు అక్షరాలు ఏరి కంపెనీకి పేరు పెట్టాడు. సైలెన్సరు చేసినవాడు పొగను వెళ్లగొట్టడం నేర్చాడు, రేకులు వంచినవాడు సన్నటి గదులు కట్టడం నేర్చాడు. హీటరుకు కావలసిన విద్యలు ఆ రెండే కాబట్టి, వాళ్లు ఇందులోకి రావడంలో నాకేమీ వింత కనబడదు.

వాళ్లను తొందరపెట్టిన బండి ఫోక్స్‌వ్యాగన్. బీటిల్‌కూ, దాని తమ్ముడైన వ్యానుకూ ఇంజన్ వెనక ఉంటుంది, చల్లబరిచేది గాలి. నీళ్లు లేవు గనక రేడియేటరు వేడి అనే మాటే లేదు. ఆ వ్యానులో వెస్ట్‌ఫాలియా అనే కంపెనీ 1950ల మొదట్లోనే పడకా అలమరా పెట్టి అమ్మింది. అంటే బండి ఆపి, ఇంజన్ కట్టేసి, జర్మనీ చలిలో పడుకునే జనం తయారయ్యారు. వాళ్లకు ఇంజన్‌తో పనిలేని నిప్పు కావాలి. ఎబర్‌స్పేకర్ పెట్రోలు హీటర్లు ఆ బండ్లలోకి అలా ఎక్కాయి. 1968లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ 411లో కంపెనీ తానే హీటరు బిగించి ఇచ్చింది.

లారీలు డీజిలువి కాబట్టి వాటికి డీజిలు మండించే హీటరు. ఇక్కడ లెక్క సూటిగా ఉంటుంది. క్యాబిన్ వెచ్చగా ఉండాలని పెద్ద లారీ ఇంజన్ను రాత్రంతా ఊరికే తిప్పితే గంటకు దాదాపు మూడు లీటర్లు తాగుతుంది. రెండు కిలోవాట్ల హీటరుకు గంటకు 100 నుంచి 280 మిల్లీలీటర్లు చాలు. లారీ యజమానులు దీన్ని కొన్నది డ్రైవరు మీద జాలితో కాదని వేరే చెప్పాలా?

లోపల జరిగేది అర్థం కావడానికి వెనకటి ఇళ్ల రాగి బాయిలరు గుర్తు తెచ్చుకుంటే చాలు. నడుమ గొట్టంలో నిప్పులు, చుట్టూ నీళ్లు. పొగ గొట్టం పైనుంచి పోతుంది, నీళ్లు కుళాయిలోంచి వస్తాయి, రెండూ కలవవు. డీజిల్ హీటర్లో నీళ్ల బదులు గాలి. నడుమ అల్యూమినియం గదిలో మంట. దానికి కావలసిన గాలి బండి కింది నుంచి ఒక గొట్టంలో వస్తుంది, పొగ ఇంకో గొట్టంలో బండి కిందికే పోతుంది. ఆ గదికి బయటివైపు రెక్కల మీదుగా మన గాలి, అంటే వ్యాను లోపలి గాలి, ఒక ఫ్యాను తోసుకుపోగా కాగి వస్తుంది. నిప్పుకు ఒక దారి, ఊపిరికి ఒక దారి. దక్షిణపు గాలి నుంచి ఇప్పటి పెట్టె దాకా మార్పులెన్ని వచ్చినా, కాపాడుకుంటూ వచ్చింది ఆ ఒక్క గోడనే.

మీట నొక్కితే ముందు ఫ్యాను మెల్లగా తిరుగుతుంది. హీటర్ ప్లగ్గు ఎర్రబడుతుంది. మన పాత జీపుల్లోని ప్లగ్గుకు ఇది మనవడే. ఆ కాసిని నిమిషాలూ బ్యాటరీ నుంచి పది యాంపియర్ల దాకా లాగుతుంది. తర్వాత పంపు టక్కుమంటుంది. మామూలుగా దొరికే పంపు వెయ్యి టక్కులకు 22 మిల్లీలీటర్లు పోస్తుంది, అంటే ఒక్క టక్కుకు ఒక బొట్టు కూడా నిండదు. మంట అంటుకున్నదని సెన్సరు పసిగట్టాక ప్లగ్గు ఆరిపోతుంది, టక్కుల వేగం పెరుగుతుంది, అప్పటి నుంచి ఒకటి రెండు యాంపియర్లే. ఆపమన్నప్పుడు వెంటనే ఆగదు. మంట ఆరాక గది చల్లబడేదాకా ఫ్యాను కొన్ని నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. అది చూసి పాడైందనుకుని బ్యాటరీ తీగ పీకేసేవాళ్లున్నారు. లోపల మిగిలిన వేడికి ముందు పాడయ్యేవి సెన్సర్లే.

పదేళ్లుగా ఈ కథలో చైనా పెట్టెలు చేరాయి. జర్మన్ నమూనాలకు నకళ్లే, ధర ఎనిమిదో వంతో పదో వంతో. అందువల్లే మనబోటివాళ్లం దీని గురించి మాట్లాడుకోగలుగుతున్నాం, కాదనను. అయితే పెట్టె మీద 8 కిలోవాట్లని ఉన్నంత మాత్రాన నమ్మకండి, చాలావాటిలో లోపలున్నది 5 కిలోవాట్ల సరుకే. అసలు ట్రావెలరంత బండికి, గోడల్లో థర్మోకోలో మరేదో కూరి ఉంటే, రెండు కిలోవాట్లు చాలు. పెద్దది కొంటే మంచిదేగా అనిపిస్తుంది. కాదు. చిన్న జాగాలో పెద్ద హీటరు ఎప్పుడూ సన్నమంట మీదే నడుస్తుంది, సన్నమంటలో డీజిలు సగం కాలి మసి కడుతుంది, కొన్నాళ్లకు గది పూడుకుపోతుంది. రెండు కిలోవాట్లదే అయితే తక్కువ మంట మీద రాత్రంతా నడిచినా లీటరు డీజిలుతో తెల్లవారుతుంది.

మసి సంగతి ఎత్తు దగ్గర ఇంకా ముదురుతుంది. లేహ్ 3,500 మీటర్ల మీద ఉంది. అక్కడ గాలి పలచన, మన నేల మీద ఉన్న ప్రాణవాయువులో మూడింట రెండు వంతులే. పంపు మాత్రం కింద పోసినంతే పోస్తుంది. మంటకు గాలి చాలదు, పొగ నల్లబడుతుంది. అందుకే ఎత్తును కనిపెట్టి టక్కులు తగ్గించుకునే హీటరు గానీ, తగ్గించే మీట ఉన్నది గానీ చూసుకోవాలి. లదాఖ్ పోయేవాళ్లు డబ్బు పెట్టాల్సింది కిలోవాట్ల మీద కాదు, దీని మీద.

డీజిలుకూ ఒక పేచీ ఉంది. మన దేశపు ప్రమాణం ప్రకారం వేసవి డీజిలు 15 డిగ్రీల దగ్గర, చలికాలపు డీజిలు 3 డిగ్రీల దగ్గర పారకుండా గడ్డకట్టినా తప్పు లేదు. నెల్లూరు ఎండలకు అది లెక్కలోకి రాదు. అదే ట్యాంకుతో కొండెక్కితే సన్నటి గొట్టంలో మైనం పేరుకుంటుంది. మైనస్ 33 డిగ్రీల దాకా పారే శీతాకాలపు డీజిలును ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లదాఖ్‌కు తెచ్చింది. పైకి పోయాక అది పోయించుకోవాలి.

బిగించడం ఆత్మకూరు షెడ్డుల్లో చేతకాని పనేమీ కాదు. సైలెన్సరు అతికినవాడికి, నాజిల్ సర్వీసు తెలిసినవాడికి ఇందులో కొత్తేమీ లేదు. నేలకు రంధ్రాలు వేసి, ఇనుప పలక మీద హీటరును బిగించి, పొగగొట్టం, గాలిగొట్టం రెండూ నేల కిందికి దించాలి. అతుకు ఏదైనా బండి లోపల ఉండకూడదు. పొగగొట్టం మొన బండి అంచు దాకా పోయి పక్కకు తిరగాలి, నడి కడుపు కింద వదిలేస్తే ఆగిన బండి కింద పొగ నిలిచి సందుల్లోంచి పైకి వస్తుంది. గాలి తీసుకునే గొట్టం దానికి దూరంగా, ఎదురు దిక్కుకు ఉండాలి. పంపును పడుకోబెట్టకుండా, డీజిలు బయటికి పోయే వైపు పైకి వాల్చి కట్టాలి, లేకపోతే గాలి బుడగలు చిక్కుకుని మంట ఆరిపోతుంది. బ్యాటరీ నుంచి సన్నతీగ లాగి పొదుపు చేయకండి. హీటరు అంటుకోలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఆ తీగే. ఇంత చేశాక పడక దగ్గర ఒక కార్బన్ మోనాక్సైడు అలారం. బండి రూపు మార్చినందుకు ఆర్టీఓ అనుమతి ఎలాగూ కావాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడుగుతుంది.

అలారం గురించి నొక్కి చెప్పడానికి కారణముంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపి ఉన్న క్యారవాన్‌లో ఇద్దరు మనుషులు చనిపోయి కనిపించారు. అక్కడ హీటరు లేదు, జనరేటరుంది. పొగ నేలలోని సందుగుండా లోపలికి వచ్చింది. తర్వాత కాలికట్ ఎన్ఐటీ నిపుణులు అదే బండిలో జనరేటరు నడిపి కొలిస్తే, రెండు గంటల్లో కార్బన్ మోనాక్సైడు పది లక్షల్లో 900 పాళ్లు దాటింది. చలి కూడా లేని ఊళ్లో జరిగిన సంగతి ఇది.

సియాచిన్, లదాఖ్ గుడారాల్లో మన సైనికులు ఏళ్ల తరబడి కిరోసిన్ బుఖారీల, అంటే గది వెచ్చబరిచే పొయ్యిల, పక్కన పడుకున్నారు. అక్కడా ఇదే గండం. డీఆర్‌డీఓకు చెందిన డిపాస్ ప్రయోగశాల హిమ్ తాపక్ అనే కొత్త బుఖారీని తయారుచేసింది. అందులో ముందుగా చూసుకున్నది వేడి ఒక్కటే కాదు, ఆ విషవాయువు మనిషిని చేరకుండా ఉండటం కూడా. సైన్యం 420 కోట్ల రూపాయలకు పైగా ఆర్డరిచ్చిందని 2021 జనవరిలో వార్తలొచ్చాయి.

ఇక లదాఖ్ నుంచి బండి తిరిగొచ్చాక చేయాల్సిన పని ఒకటుంది, ఎవరూ చెప్పరు. వాడకుండా వదిలేస్తే గొట్టంలో డీజిలు జిగురు కట్టి పంపు బిగుసుకుపోతుంది. అందుకే నెలకొకసారి పది ఇరవై నిమిషాలు ఎక్కువ మంట మీద నడపమంటారు తయారీదారులు. మే నెలలో కూడా. ఉదయగిరిలోనైతే తెల్లవారుజామున నాలుగింటికి, తలుపులన్నీ తీసిపెట్టి.