పెళ్లి సారెకు పరుపు కొంటున్నారా? ముందు గది కొలవండి.. ఆ తర్వాతే షాపుకెళ్లండి

పెళ్లి ముహూర్తాలు పెట్టుకున్నారంటే చాలు.. జగ్గయ్యపేట, నందిగామ వైపు ఆడపిల్లవారి ఇళ్లలో మంచం, పరుపు, బీరువా కొనే హడావుడి మొదలవుతుంది. సారెలో ఏ లోటూ కనపడకూడదని చాలామంది 'పెద్ద సైజే ఇచ్చేయండి' అంటారు. తీరా అత్తారింటికి చేరాక పరుపు మంచంలో పట్టదు. లేదంటే మంచం వేశాక బీరువా తలుపు తెరుచుకోదు. విజయవాడలో కొన్నారనుకోండి.. నందిగామకు సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట ఇంకా దూరం. వెనక్కి పంపాలంటే టాటా ఏస్ కిరాయి మళ్లీ మీదే. షాపువాళ్లు మారుస్తారన్న గ్యారంటీ కూడా లేదు. అందుకే కొనేముందే ఈ లెక్కలు చూసుకోండి.

ఇదివరకు ఈ తంటా ఎందుకు లేదు?

ఇది పత్తి పండే నేల. ఒకప్పుడు పత్తి పరుపో, బూరుగు దూది పరుపో ఇంట్లోనే కుట్టించుకునేవారు. మంచం ఎంత ఉంటే పరుపు అంత. గట్టిపడితే విప్పి, దూది ఏకించి మళ్లీ కుట్టించేవారు. ఇప్పుడు ఫోమ్, కాయిర్, స్ప్రింగ్ పరుపులు ఫ్యాక్టరీ కొలతల్లో వస్తున్నాయి. మంచం మాత్రం ఇప్పటికీ కొందరు టేకు కొనిచ్చి వడ్రంగి చేత చేయిస్తున్నారు. తేడా అక్కడే వస్తోంది.

మార్కెట్లో దొరికే సైజులివే..

* సింగిల్: వెడల్పు 36 అంగుళాలు, అంటే 3 అడుగులు. ఒక్కరికి సరిపోతుంది.
* డబుల్: 48 అంగుళాలు. ఇద్దరు పడుకుంటే ఒక్కొక్కరికి 2 అడుగులే.
* క్వీన్: 60 అంగుళాలు. మనిషికి రెండున్నర అడుగులు.
* కింగ్: 72 అంగుళాలు. మనిషికి 3 అడుగులు. మధ్యలో చంటిబిడ్డ ఉన్నా ఇరుకనిపించదు.

పొడవు సాధారణంగా 72, 75, 78 అంగుళాల్లో ఉంటుంది. పడుకునే వాళ్లలో పొడుగు మనిషి ఎత్తుకు 6 అంగుళాలు కలపండి. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి 72 చాలు. 5 అడుగుల 9 అంగుళాలుంటే 75.. అంతకు మించితే 78 తీసుకోండి. షాపులో 'క్వీన్', 'కింగ్' అని పేరు చెప్పి ఊరుకోవద్దు. అంగుళాల్లోనే అడగండి, బిల్లు మీద కూడా అంగుళాల్లోనే రాయించుకోండి.

పది బై పది గదిలో ఏది పడుతుంది?

10 అడుగుల గదిలో 6 అడుగుల కింగ్ పరుపును ఒక గోడకు ఆనించి వేస్తే పక్కన 4 అడుగులు మిగులుతుంది. అందులో మంచం పట్టెలకు 3, 4 అంగుళాలు పోతాయి. బీరువా లోతు దాదాపు అడుగున్నర. ఇక మిగిలేది 2 అడుగుల పైచిలుకు. బీరువా తలుపు తెరిస్తే దానికే అడుగున్నర కావాలి. మనిషి నిలబడేదెక్కడ? అదే 5 అడుగుల క్వీన్ అయితే నడవడానికి 3 అడుగులకు పైగా దొరుకుతుంది. ఎండాకాలం కూలర్ పెట్టుకోవడానికి కూడా చోటుంటుంది. గదిలోనే బీరువా ఉంటే క్వీన్, వేరే గదిలో ఉంటే కింగ్.. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి.

చిన్న ఇళ్లలో మరింత జాగ్రత్త

ఏపీలో టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో కట్టారు. ఇలాంటి చోట ప్రతి అంగుళమూ లెక్కే. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంట్లో రెండు గదులుంటే రెండోది కనీసం 7.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.1 మీటర్లు ఉండాలి. అంటే వెడల్పు 7 అడుగులు కూడా నిండదు. అలాంటి గదిలో కింగ్ వేస్తే పక్కన అడుగు కూడా మిగలదు. 4 అడుగుల డబుల్ వేస్తే దాదాపు 3 అడుగులు మిగులుతుంది.

మంచం ఎలా కొలవాలి?

వడ్రంగి చేసిన మంచమైతే బయటి కొలత తీసుకోవద్దు. పట్టెకూ పట్టెకూ మధ్య లోపలి వెడల్పు, లోపలి పొడవు టేపుతో కొలవండి. తల దగ్గరా, కాళ్ల దగ్గరా రెండుచోట్లా చూడండి. రెండూ తేడాగా వస్తే తక్కువ ఉన్నదే లెక్క. మంచం ఇంకా చేయించకపోతే మరీ మంచిది. ముందు పరుపు సైజు తేల్చుకుని, ఆ కొలతే వడ్రంగికి ఇవ్వండి.

మందం కూడా చూడాలి. మంచం ఎత్తు, పరుపు మందం కలిపితే నేల నుంచి 18 నుంచి 20 అంగుళాలుంటే చాలామందికి పాదాలు నేలకు ఆనతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇది ముఖ్యం.

పై అంతస్తు అయితే..

మెట్ల వెడల్పు, తలుపు వెడల్పు చూసుకోండి. స్ప్రింగ్ పరుపు మడవడానికి వీల్లేదు. మలుపులో ఇరుక్కుంటే దించి తీసుకుపోవాల్సిందే. కింగ్ సైజే కావాలంటే 36 అంగుళాల సింగిల్ పరుపులు రెండు తీసుకుని పక్కపక్కన వేసుకోవచ్చు. మెట్లెక్కించడం తేలిక. చుట్టాలొచ్చినప్పుడు ఒకటి తీసి హాల్లో పరుచుకోవచ్చు కూడా.

ఆడపిల్లవారికి ఒక్క మాట

మంచం వేసేది వియ్యాలవారింట్లో. గది కొలత అడగడానికి మొహమాట పడొద్దు. గది పొడవు, వెడల్పు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, బీరువా ఎక్కడ పెడతారు.. ఈ నాలుగూ అల్లుడుగారినే అడిగి వాట్సాప్‌లో తెప్పించుకోండి. ఆ కొలతలతో మీ ఇంట్లోనే నేల మీద సుద్దముక్కతోనో, ముగ్గుతోనో గదినీ మంచాన్నీ గీసి చూడండి. పక్కన నడవండి, వంగండి. ఇరుకనిపిస్తే ఒక సైజు తగ్గించండి. డబ్బు మిగులుతుంది, గది గదిలా ఉంటుంది.