ఆయిల్ బర్నరు (వేడినీటి ప్రెషర్ వాషరు)

ఆయిల్ బర్నరు అనునది డీజిలు వంటి ద్రవ ఇంధనాన్ని సన్నని తుంపరగా మార్చి, గాలితో కలిపి మండించే పరికరం. బాయిలర్లు, కొలుములు, ధాన్యం ఆరబెట్టే యంత్రాలతో పాటు వేడినీటితో వాహనాలను, యంత్రభాగాలను కడిగే ప్రెషర్ వాషర్లలో కూడా దీనిని ఉపయోగిస్తారు. ఈ వ్యాసం ప్రెషర్ వాషరుకు బర్నరును సురక్షితంగా అమర్చే పద్ధతిని, దాని విద్యుత్ వైరింగును వివరిస్తుంది. నీరు కదలనప్పుడు, మంట కనిపించనప్పుడు, వేడి మితిమీరినప్పుడు ఇంధనం దానంతటదే ఆగిపోయేటట్లు వైరింగు చేయడం ఈ పనిలో అన్నిటికంటె ముఖ్యమైన అంశం.

నేపథ్యం

గ్రీజు, జిడ్డు పట్టిన ఇంజన్లు, లారీల అడుగుభాగాలు చన్నీటితో త్వరగా శుభ్రపడవు. వేడికి గ్రీజు మెత్తబడి జారిపోతుంది గనుక నీటిని 60 నుండి 90 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి అధిక పీడనంతో చిమ్ముతారు. ఐరోపాలో ఇటువంటి తొలి యంత్రాన్ని జర్మనీకి చెందిన కార్చర్ సంస్థ 1950లో తయారుచేసింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ జిల్లాకు (2022 ఏప్రిల్ 4కు పూర్వం కృష్ణా జిల్లాకు) చెందిన తిరువూరు పట్టణం, విజయవాడ వైపు నుండి భద్రాచలం, జగదల్‌పూర్‌లకు పోయే 30వ నెంబరు జాతీయ రహదారిపై ఉంది. లారీలు, ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు తిరిగే ఇటువంటి పట్టణాలలోని సర్వీసింగు షెడ్లకు చన్నీటి పంపు పరిచితమైనదే. దానికి వేడినీటి యంత్రాన్ని జోడించినప్పుడు నీరు, విద్యుత్తు, డీజిలు, మంట అనే నాలుగూ ఒకే చోట చేరుతాయి. చన్నీటి పంపుకు సరిపోయిన వైరింగు దీనికి సరిపోదు.

భాగాలు, పనిచేసే విధానం

బర్నరు మోటారు ఒకే ఇరుసుపై ఫ్యానును, ఇంధన పంపును త్రిప్పుతుంది. పంపు డీజిలును సుమారు 7 నుండి 14 బార్ పీడనంతో నాజిల్‌కు పంపుతుంది. నాజిల్ దానిని శంఖాకారపు తుంపరగా చిమ్ముతుంది. ట్రాన్స్‌ఫార్మరు 10,000 వోల్టులు లేదా అంతకు మించిన విద్యుత్తును రెండు ఎలక్ట్రోడులకు అందించగా, వాటి మధ్య పుట్టిన నిప్పురవ్వ తుంపరను అంటిస్తుంది. పంపుకు, నాజిల్‌కు మధ్య ఉండే సోలనాయిడ్ వాల్వు విద్యుత్తు ఉన్నంతసేపే తెరచుకొని, విద్యుత్తు పోగానే స్ప్రింగు బలంతో మూసుకుపోతుంది. భద్రత కొరకు అమర్చే స్విచ్‌లన్నీ చివరకు ఈ వాల్వు విద్యుత్తును తెంచడానికే ఉన్నాయి.

మంట ఒక ఉక్కు గొట్టపు చుట్ట (కాయిల్) లోపల మండుతుంది. ఆ చుట్టలో ప్రవహించే నీరు వేడెక్కుతుంది. మంటను కనిపెట్టడానికి ఫోటోసెల్ ఉంటుంది. వెలుతురు పడినప్పుడు దాని విద్యుత్ నిరోధం తగ్గుతుంది. ఇంధనం తెరచిన తరువాత నిర్ణీత వ్యవధిలో మంట కనిపించనిచో కంట్రోలు పెట్టె అన్నిటినీ ఆపి, ఎవరైనా రీసెట్ మీట నొక్కే వరకు తిరిగి వెలగనీయదు. దీనినే లాకౌట్ అంటారు. తక్కువ ధర యంత్రాలు కొన్నింటిలో ఫోటోసెల్ ఉండదు. అటువంటివి కొనేటప్పుడే ఈ విషయం అడిగి తెలుసుకొనవలెను.

సామర్థ్యం లెక్కించుట

నాజిల్ పరిమాణాన్ని ఊహించి కాక లెక్కించి ఎంచుకొనవలెను. ఉదాహరణకు పంపు నిమిషానికి 15 లీటర్లు, అనగా గంటకు 900 లీటర్ల నీరు ఇస్తున్నదనుకొందాం. దానిని 30 డిగ్రీల నుండి 80 డిగ్రీలకు వేడిచేయుటకు 900 × 50 = 45,000 కిలోకాలరీలు కావలెను. ఒక లీటరు డీజిలు సుమారు 8,570 కిలోకాలరీలు ఇస్తుంది. అందులో 85 శాతం నీటికి చేరుతుందనుకొంటే దక్కేది 7,280. కనుక గంటకు 6.2 లీటర్ల డీజిలు ఖర్చవుతుంది.

నాజిళ్ళపై అంకెను అమెరికన్ గ్యాలన్లలో (3.785 లీటర్లు), 7 బార్ పీడనం వద్ద ముద్రిస్తారు. ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. కావున పంపు పీడనం 10 బార్ అయినచో 1.35 గ్యాలన్ల నాజిల్ సుమారు 6.1 లీటర్లు ఇచ్చి ఈ అవసరానికి సరిపోతుంది. తుంపర కోణం (60, 80 డిగ్రీలు మొదలైనవి) మంటగదికి తగినదై ఉండవలెను. కోణం ఎక్కువైతే మంట కాయిల్‌ను తాకి మసి పడుతుంది. ఎక్కువ వేడి కొరకు తయారీదారు చెప్పినదానికంటె పెద్ద నాజిల్ వేయరాదు.

అమర్చవలసిన చోటు

ఒక లీటరు డీజిలు మండటానికి, అదనపు గాలితో కలిపి, సుమారు 13 ఘనపు మీటర్ల గాలి కావలెను. పై ఉదాహరణలోని బర్నరు గంటకు 80 ఘనపు మీటర్ల గాలిని పీల్చుకొంటుంది. మూసిన షెడ్డులో ఈ గాలి అందక మంట అసంపూర్తిగా మండి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఈ వాయువుకు రంగు, వాసన లేవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌తో కలిసి, ప్రాణవాయువును మోయకుండా అడ్డుకొంటుంది. మనిషి తనకు ఏమి జరుగుతున్నదో తెలియకుండానే స్పృహ తప్పవచ్చు. కనుక యంత్రాన్ని తెరచిన చోటనే ఉంచవలెను, లేదా పొగగొట్టాన్ని షెడ్డు కప్పు దాటించవలెను. పొగగొట్టం తాటాకు, వెదురు, ప్లాస్టిక్ పట్టా వంటి వాటి దరిదాపులలో పోరాదు.

యంత్రం ఉండే దిమ్మె నేలకంటె ఎత్తుగా, కడిగిన నీరు చేరనిదై ఉండవలెను. చిమ్మిన నీరు బర్నరుపై పడకుండా కడిగే చోటు ఎడంగా ఉండుట మంచిది.

ఇంధన గొట్టాలు

ట్యాంకు పంపుకంటె ఎత్తులో ఉంటే ఒకే గొట్టం చాలును. దిగువన ఉంటే పీల్చే గొట్టం, తిరిగి వచ్చే గొట్టం అని రెండు వేస్తారు. రెండు గొట్టాల పద్ధతిలో పంపులో బైపాస్ ప్లగ్గు బిగించవలెను. ఒకే గొట్టం ఉన్నప్పుడు ఈ ప్లగ్గు ఉంటే మిగులు డీజిలుకు దారి లేక పంపు సీలు పగిలి, డీజిలు బయటకు కారుతుంది. ఇదే కారణం చేత తిరుగు గొట్టంలో ఎక్కడా వాల్వు ఉంచరాదు.

పీల్చే గొట్టంలో మూసే వాల్వు, ఫిల్టరు తప్పనిసరి. జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టరాదు. దాని పోగులు విడిపోయి పంపులోను, వాల్వులోను ఇరుక్కొంటాయి. సోలనాయిడ్ వాల్వు కింద ఒక పోగు ఇరుక్కొన్నా అది పూర్తిగా మూసుకోక, ఆరిన మంటగదిలో డీజిలు చేరుతూనే ఉంటుంది.

డీజిలులో పెట్రోలు కలుపరాదు. పెట్రోలు ఆవిరి సాధారణ ఉష్ణోగ్రత వద్దనే అంటుకొంటుంది. వాడిన ఇంజనాయిలును పోయరాదు. అది నాజిల్‌ను మూసివేస్తుంది, దాని పొగ హానికరం, చట్టరీత్యా కూడా అది ప్రమాదకర వ్యర్థం.

విద్యుత్ వైరింగు

సరఫరా: మన దేశంలో ఒంటి ఫేజు సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జులు. నీటిపంపు మోటారు మూడు ఫేజులదైనప్పుడు బర్నరుకు ఒక ఫేజును, న్యూట్రల్‌ను తీసుకొంటారు. ఆ న్యూట్రల్ గట్టిగా బిగించి ఉండవలెను. అది ఊడితే బర్నరు పరికరాలపై 230 వోల్టులకు మించిన పీడనం పడి కంట్రోలు పెట్టె కాలిపోవచ్చు. అమెరికాలో తయారైన 120 వోల్టులు, 60 హెర్ట్జుల బర్నరును ఇక్కడ నేరుగా కలుపరాదు. ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజిని తగ్గించినా, 50 హెర్ట్జుల వద్ద మోటారు వేగం ఆరవ వంతు తగ్గి, గాలి చాలక మసి వస్తుంది.

తీగల రంగులు: ప్రమాదాలకు దారితీసే గందరగోళం ఇక్కడ ఉంది. మన వాడుకలో ఒంటి ఫేజుకు ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం. ఐరోపా యంత్రాలలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలు ఎర్తు. అమెరికా యంత్రాలలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. అనగా మనకు ఫేజు అయిన నీలం వారికి న్యూట్రల్, మనకు న్యూట్రల్ అయిన నలుపు మరొకరికి ఫేజు. రంగును నమ్మక, మీటరుతో పరీక్షించి, యంత్రంతో వచ్చిన పటాన్ని చూచి కలుపవలెను.

స్విచ్‌ల వరుస: ఫేజు తీగ ఈ క్రింది వరుసలో ఒకదాని తరువాత ఒకటిగా (శ్రేణి సంధానంలో) పోవలెను.

1. మెయిన్ స్విచ్, తగిన ఎంసీబీ
2. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ
3. నీటిపంపు స్టార్టరులోని సహాయక కాంటాక్టు (పంపు తిరగనిదే బర్నరుకు విద్యుత్తు రాదు)
4. బర్నరు స్విచ్
5. ఫ్లో స్విచ్ (కాయిల్‌లో నీరు కదలనిదే కలవదు)
6. థర్మోస్టాట్
7. అధికోష్ణ స్విచ్ (థర్మోస్టాట్ విఫలమైనప్పుడు తెంచేది, చేతితో రీసెట్ చేయవలసినది)
8. కంట్రోలు పెట్టె; అక్కడినుండి మోటారు, ట్రాన్స్‌ఫార్మరు, సోలనాయిడ్ వాల్వు

కొన్ని యంత్రాలలో ఫ్యాను నీటిపంపుతో పాటు ఎడతెగక తిరుగుతూ, వాల్వు మాత్రమే తెరచుకొంటూ మూసుకొంటూ ఉంటుంది. అప్పుడు కూడా 5, 6, 7 స్విచ్‌లు వాల్వు విద్యుత్తును తెంచేటట్లు ఉండవలెను.

ఈ స్విచ్‌లను న్యూట్రల్‌లో పెట్టరాదు. అలా పెడితే స్విచ్ తెరచినా వాల్వు తీగ ఫేజుపైనే ఉంటుంది. ఎక్కడైనా తడి తగిలి తీగ ఎర్తుకు అంటుకొంటే వాల్వు తెరచుకొనే ఉండిపోవచ్చు.

ఫ్లో స్విచ్ పాడైనప్పుడు దాని రెండు తీగలను కలిపి ముడివేసి పని నడిపించడం అత్యంత ప్రమాదకరం. గన్ మీట వదలగానే కాయిల్‌లో నీరు ఆగుతుంది. మంట ఆరనిచో కొద్ది క్షణాలలోనే ఆ నీరు ఆవిరి కావడానికి సిద్ధపడుతుంది. వాతావరణ పీడనం వద్ద ఒక లీటరు నీరు సుమారు 1,600 లీటర్లకు పైగా ఆవిరి అవుతుంది. రిలీఫ్ వాల్వు కూడా పనిచేయనిచో గొట్టం గాని, కాయిల్ గాని పగులుతుంది.

ఎర్తింగు: యంత్రపు చట్రం, మోటారు, బర్నరు శరీరం, లోహపు ట్యాంకు అన్నింటినీ ఎర్తుకు కలుపవలెను. భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 ఎర్తింగును, ఐఎస్ 732 వైరింగును వివరిస్తాయి. ఆర్‌సీసీబీ ఉన్నది కదా అని ఎర్తును విడువరాదు. ఎర్తు లేనప్పుడు లీకైన విద్యుత్తుకు దారి దొరకదు. ఎవరైనా తాకే వరకు లోపం బయటపడదు. తాకినవారు తడి నేలపై నిలబడి ఉంటారు. వేసవిలో నేల ఎండినప్పుడు ఎర్తు గుంతలో నీరు పోయుచుండవలెను.

తీగలు: బర్నరుకు దగ్గరగా వేడిని తట్టుకొనే సిలికాన్ తొడుగు తీగలు వాడవలెను. పెట్టెలు నీరు చొరనివై, తీగలు క్రిందివైపు నుండి ప్రవేశించవలెను. ఎలక్ట్రోడుల తీగలను ఫోటోసెల్ తీగలతో కలిపి కట్టరాదు.

12 వోల్టుల బర్నరు: వాహనంపై అమర్చే యంత్రాలలో బ్యాటరీతో నడిచే బర్నరు ఉంటుంది. వోల్టేజి తక్కువైనందున కరెంటు ఎక్కువ. తీగ సన్ననిదైతే వోల్టేజి పడిపోయి మోటారు నెమ్మదిస్తుంది. లావు తీగ వేసి, బ్యాటరీ పాజిటివ్‌కు అతి సమీపంలో ఫ్యూజు పెట్టవలెను.

మొదటిసారి వెలిగించుట, పరీక్షలు

ముందుగా బర్నరు స్విచ్ ఆపి ఉంచి, నీరు ధారగా వచ్చే వరకు పంపు నడపవలెను. ఇంధన పంపులోని గాలిని బ్లీడు మర ద్వారా తీసివేయవలెను. బర్నరు వెలిగిన తరువాత పొగ కనిపించకుండా గాలి తలుపును సరిచేయవలెను. నల్లని పొగ గాలి చాలలేదని, తెల్లని పొగ డీజిలు మండకుండా పోతున్నదని సాధారణంగా సూచిస్తాయి.

తరువాత ఈ పరీక్షలు చేయనిదే యంత్రాన్ని పనికి అప్పగించరాదు.

1. గన్ మీట వదలగానే మంట ఆరవలెను.
2. నీటిపంపును ఆపగానే మంట ఆరవలెను.
3. థర్మోస్టాట్‌ను తగ్గించగానే మంట ఆరవలెను.
4. మండుచుండగా ఇంధన వాల్వును మూసినప్పుడు, కంట్రోలు పెట్టె లాకౌట్‌కు పోవలెను.
5. ఫోటోసెల్‌ను తీసి చీకటిలో ఉంచి వెలిగించినప్పుడు లాకౌట్ కావలెను.
6. ఆర్‌సీసీబీ పరీక్ష మీట నొక్కగానే సరఫరా తెగవలెను.

ఈ ఆరు పరీక్షలను నెలకొకసారి తిరిగి చేయుట మంచిది. పని ముగించేటప్పుడు ముందు బర్నరును ఆపి, రెండు మూడు నిమిషాలు చన్నీరు పోనిచ్చి కాయిల్ చల్లారిన పిమ్మట పంపును ఆపవలెను. లోపలి ట్యాంకులో డీజిలును యంత్రం ఆగి, చల్లారిన తరువాతనే పోయవలెను.

లోపాలు, జాగ్రత్తలు

బర్నరు వెలగనప్పుడు రీసెట్ మీటను పదేపదే నొక్కరాదు. నొక్కిన ప్రతిసారీ కొంత డీజిలు మంటగదిలోకి చిమ్మబడుతుంది. చివరకు నిప్పురవ్వ తగిలినప్పుడు చేరిన డీజిలంతా ఒక్కసారిగా అంటుకొని, మంట బర్నరు వైపుకు ఎదురుతన్నుతుంది. రెండవసారి కూడా వెలగనిచో మెయిన్ ఆపి, మంటగదిలో డీజిలు నిలిచినదేమో చూచి, తుడిచి, ఆవిరులు పోయేదాకా ఆగి, తరువాత కారణం వెదకవలెను. సాధారణంగా కారణం ఖాళీ ట్యాంకు, గాలి చేరిన గొట్టం, మూసుకుపోయిన ఫిల్టరు లేదా నాజిల్, ఎడం తప్పిన ఎలక్ట్రోడులు, మసిపట్టిన ఫోటోసెల్ వీటిలో ఒకటై ఉంటుంది. ఎలక్ట్రోడులను పరిశీలించేటప్పుడు విద్యుత్తును పూర్తిగా తెంచవలెను.

బోరు నీటి కాఠిన్యం ఎక్కువైన చోట కాయిల్ లోపల సున్నపు పొర పేరుకొంటుంది. పొర పెరిగినకొద్దీ డీజిలు ఖర్చు పెరిగి, ఉక్కు అతిగా వేడెక్కి, కాయిల్ చిల్లిపడుతుంది. నీటి పీడనం మునుపటికంటె పెరగడం, నీరు మునుపటంత వేడి కాకపోవడం ఇందుకు గుర్తులు.

డీజిలు మంటలపై నీరు చల్లరాదు. పొడి రసాయనం లేదా నురుగు అగ్నిమాపక సాధనాన్ని, ఇసుక బకెట్లను బర్నరు పక్కన కాక, షెడ్డు వాకిలి వద్ద ఉంచవలెను.

చట్ట నిబంధనలు

డీజిలు పెట్రోలియం చట్టం (1934) ప్రకారం బి తరగతికి చెందుతుంది. ఒకే చోట మొత్తం 2,500 లీటర్లకు మించక, ఏ ఒక్క పాత్రలోను 1,000 లీటర్లకు మించకుండా నిలువ చేయుటకు లైసెన్సు అవసరం లేదు. 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. 25 లీటర్లకంటె తక్కువ పరిమాణం గల పాత్రలు, నీటిని 100 డిగ్రీలలోపు వేడిచేసేవి బాయిలరు నిర్వచనంలోకి రావు. కనుక సాధారణ వేడినీటి వాషర్లకు బాయిలరు రిజిస్ట్రేషను ఉండదు. అయితే ఇందువలన ఏ ప్రభుత్వ తనిఖీదారూ ఈ కాయిల్‌ను చూడడు. దాని పరీక్ష పూర్తిగా యజమాని బాధ్యత. విద్యుత్ పనిని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలను అనుసరించి, ప్రభుత్వ లైసెన్సు గల విద్యుత్ కాంట్రాక్టరు చేతనే చేయించవలెను.